వేగము పెంచిన కంప్యూటరునకు భాగముల ఎంపిక

కంప్యూటరును కొనుట ఒక ఎత్తు. కొన్నదానిని కొన్నేండ్ల పిమ్మట కాలమునకు తగినట్లు పెంచుకొనుట మరియొక ఎత్తు. మొదటి పనిలో అంగడివాని మాట కొంతవరకు సాగును. రెండవ పనిలో ఇంటనున్న పాత యంత్రము, ఇంటి విద్యుత్తు, ఇంటి వేడిమి, ఇంటి ఆదాయము, ఈ నాలుగును లెక్కకు వచ్చును. అందునను, కర్మాగారము నిర్ణయించిన వేగముకంటె మిన్నగా యంత్రమును నడుపవలెనను ఉత్సాహము గల యువకుడు ఇంట నున్నచో, ఏ భాగము కొనవలెను, ఏది మానవలెను అను చర్చ రాత్రి భోజనము వరకు సాగుట వింత గాదు. ఈ పనిని ఓవర్‌క్లాకింగు అందురు. వేలకొలది రూపాయల వ్యయముతో ముడివడిన ఈ విషయమును డబ్బు ఇచ్చు పెద్దలకును, యంత్రమును వాడు పిన్నలకును ఒకే విధముగ బోధపడునట్లు ఇచట వివరింప ప్రయత్నింతుము.

రేడియో గల ఇండ్లవారికి పౌనఃపున్యమను మాట క్రొత్తది కాదు. హైదరాబాదు కేంద్రపు 738, విజయవాడ కేంద్రపు 837 దశాబ్దములుగా శ్రోతలకు కంఠస్థమైన సంఖ్యలు. పెద్దలు కిలోసైకిళ్ళని పిలిచినవానినే నేడు కిలోహెర్ట్‌జులని వ్యవహరించుచున్నాము. 738 కిలోహెర్ట్‌జు లనగా సెకనునకు 7 లక్షల 38 వేల స్పందనములు. కంప్యూటరులోని ప్రాసెసరు కూడ ఇట్టి స్పందనముల తాళమును అనుసరించియే తన లెక్కలు చేయును. 3.6 గిగాహెర్ట్‌జుల ప్రాసెసరు అనగా సెకనునకు 360 కోట్ల తాళములు. క్వార్ట్‌జు స్ఫటికము ఆధారముగ పుట్టిన 100 మెగాహెర్ట్‌జుల మూలతాళమును ప్రాసెసరు 36 రెట్లు చేసికొని ఈ వేగమును పొందును. ఆ 36ను 38 గానో, 39 గానో మార్చుటయే సామాన్యముగ ఓవర్‌క్లాకింగు. ఇందులకు స్క్రూడ్రైవరుతో పని లేదు. యంత్రము మేల్కొనునపుడు కనబడు బయాస్ పుటలో ఒక అంకె మార్చిన చాలును. అంకె మార్చుట ఇంత సులభమగుటచేతనే, దాని భారము ఏయే భాగములపై పడునో పలువురు విచారింపరు.

కర్మాగారమువారు తమ ప్రాసెసరు ఎంత వేగముతో నడువగలదో ఎరుగక తక్కువ అంకె వ్రాయుచున్నారా? అట్లు గాదు. ఒకే పలక నుండి కోసిన సిలికాను ముక్కలలో కొన్ని చురుకైనవి, కొన్ని మందమైనవి ఉండును. అందులో మందమైన ముక్క, ధూళి పట్టిన పంకాతో, వేసవి మధ్యాహ్నమున, కొన్ని యేండ్లు వాడిన పిమ్మట సైతము తప్పు లేకుండ లెక్క చేయవలెను. అందులకై వేగమునందు కొంత మిగులు ఉంచి అంకెను నిర్ణయింతురు. ఓవర్‌క్లాకింగు చేయువాడు ఖర్చు పెట్టునది ఈ మిగులునే. అది ఉచితముగ దొరకిన ధనము గాదు. కష్టకాలమునకై దాచిన ధనము. కావున దానిని వాడుకొనదలచినవాడు ఆ కష్టములను మరియొక మార్గమున తొలగించుకొనవలెను. మంచి కూలరు, మంచి విద్యుత్ సరఫరా, మంచి మదర్‌బోర్డు, ఈ మూడును అందులకే. భాగముల ఎంపిక అంతయు ఈ ఒక్క సూత్రముపై ఆధారపడియున్నది: వేగము నిచ్చు భాగమునకు ముందు భారము మోయు భాగములను చూడవలెను.

ఒకప్పుడు ఈ మిగులు మిక్కిలి ఉదారముగ నుండెడిది. 1998లో ఇంటెల్ సంస్థ విడుదల చేసిన సెలెరాన్ 300ఏ అను ప్రాసెసరు అందులకు ప్రసిద్ధమైన ఉదాహరణము. అది 66 మెగాహెర్ట్‌జుల మూలతాళమును నాలుగున్నర రెట్లు చేసి 300 మెగాహెర్ట్‌జులతో నడుచునట్టిది. మూలతాళమును 100కు మార్చినచో అదే నాలుగున్నర రెట్లకు 450 అయ్యెడిది. ఒక్క మార్పుతో వేగము సగము పెరిగెను. ఆ కాలమున 450 మెగాహెర్ట్‌జుల పెంటియం 2 ప్రాసెసరునకు ఎంతో అధికమైన మూల్యము చెల్లింపవలసియుండెను. స్వల్పధర గల సరుకుతో ఖరీదైన సరుకు పని చేయించుకొనుట అను ఆకర్షణ అప్పుడు నిజమైనది.

నేటి పరిస్థితి వేరు. ఇప్పటి ప్రాసెసర్లు తమ ఉష్ణోగ్రతను, తమలో ప్రవహించు విద్యుత్తును తామే క్షణక్షణము కొలుచుకొని, వీలున్నంతవరకు వేగమును తామే హెచ్చించుకొనుచున్నవి. చేయి పెట్టకముందే మిగులులో అధికభాగము వినియోగమగుచున్నది. అందుచేత చేతితో హెచ్చించిన కలుగు లాభము ఇప్పుడు పెక్కు యంత్రములయందు నూటికి ఐదు, పది పాళ్ళకు మించుట అరుదు. అందులకై పడు భారము మాత్రము తగ్గలేదు.

ఆ భారమును లెక్క వేయుటకు చిన్న సూత్ర మొకటి కలదు. ప్రాసెసరు పని చేయునపుడు వెలువరించు ఉష్ణము దాని వేగమును బట్టియు, దాని వోల్టేజి వర్గమును బట్టియు పెరుగును. వేగము పెంచినపుడు లెక్కలు తప్పకుండుటకై వోల్టేజి కూడ పెంచవలసివచ్చును. ఒక ప్రాసెసరు 1.20 వోల్టులతో నడుచుచున్న దనుకొందము. దాని వేగమును నూటికి 15 పాళ్ళు పెంచి, అందులకై వోల్టేజిని కూడ 15 పాళ్ళు, అనగా 1.38కి పెంచితిమి. వేగమునకు 1.15, వోల్టేజి వర్గమునకు 1.15 పెట్టి 1.15, మూడింటిని గుణించిన 1.52 వచ్చును. వేగము 15 పాళ్ళు పెరిగిన, వేడి 52 పాళ్ళు పెరిగినది. 100 వాట్ల ప్రాసెసరు 152 వాట్లది అయినది.

ఈ అంకెను మన వేసవితో కలిపి చూచిన విషయము ఇంకను స్పష్టమగును. ఏ కూలరైనను ప్రాసెసరును గది వేడికంటె చల్లగా ఉంచజాలదు. గదిపైన ఎన్ని డిగ్రీలు పెరుగునన్నదే కూలరు శక్తికి కొలత. 100 వాట్లకు 40 డిగ్రీలు పెరుగనిచ్చు కూలరు 152 వాట్లకు సుమారు 61 డిగ్రీలు పెరుగనిచ్చును. 24 డిగ్రీల చల్లని గదిలో ప్రాసెసరు 85 వద్ద నిలుచును. మే మాసమున రెంటచింతలలోనో, రామగుండములోనో గది 40 డిగ్రీలున్నపుడు అదే యంత్రము 101 డిగ్రీలకు పోవలసియుండును. పెక్కు డెస్క్‌టాపు ప్రాసెసర్లకు విధించిన పరిమితి 90, 100 డిగ్రీల నడుమ నుండును. ఆ పరిమితి తాకగానే ప్రాసెసరు తన్ను తాను కాపాడుకొనుటకై వేగమును తగ్గించుకొనును. అనగా డబ్బు పెట్టి పెంచిన వేగము అవసరమైన వేళకు ఉండదు. చలిదేశములవారు అచ్చటి గదులలో చేసి చూపిన పరీక్షల అంకెలను నమ్మి ఇచట భాగములు కొనువారు ఈ తేడాను గమనింపవలెను.

ఇక ఎంపికకు వత్తము. మాటలు గాలిలో నుండకుండ, ఒక యంత్రమును ఎదుట పెట్టుకొందము. 2017లో కొనిన డెస్క్‌టాపు ఒకటి ఒక ఇంట నున్నదనుకొందము. అందులో ఆ సంవత్సరము ఏప్రిల్‌లో వెలువడిన రైజెన్ 5 1600 ప్రాసెసరు, బి350 మదర్‌బోర్డు, 8 గిగాబైట్ల ర్యామ్ కడ్డీ ఒకటి, పెట్టెతో వచ్చిన కూలరు, తిరుగు పళ్ళెముల హార్డ్‌డిస్కు, 450 వాట్ల ఎస్.ఎం.పి.ఎస్., 75 వాట్ల జి.టి.ఎక్స్. 1050 టి.ఐ. గ్రాఫిక్స్ కార్డు ఉన్నవి. ఇంటి కుమారుడు వీడియోలు కూర్చును, ఆటలు ఆడును. యంత్రము మందగించినదనియు, ప్రాసెసరు వేగము పెంచి, అందులకు తగిన భాగములు కొనెదననియు అతని కోరిక.

మొదట చేయవలసినది కొనుట గాదు, కొలుచుట. విండోస్‌లో టాస్క్ మేనేజరు అను పుటను తెరచి, పని నడుచుచుండగా ఏ భాగము నూటికి నూరు పాళ్ళు శ్రమించుచున్నదో, ఏది ఖాళీగా కూర్చున్నదో చూడవలెను. ఆట ఆడునపుడు గ్రాఫిక్స్ కార్డు నిండుగ శ్రమించుచు, ప్రాసెసరు సగము ఖాళీగ నున్నచో, ప్రాసెసరు వేగము పెంచిన చిత్రము ఇసుమంతయు చురుకు గాదు. ఒక పనికి 10 నిమిషములు పట్టుచున్నదనుకొందము. అందులో 6 నిమిషములు ప్రాసెసరు లెక్కలకు, 4 నిమిషములు హార్డ్‌డిస్కు నుండి సరుకు అందుటకు పోవుచున్నవి. ప్రాసెసరును నూటికి 20 పాళ్ళు వేగిరపరచితిమా, 6 నిమిషములు 5 అగును, మొత్తము 9. దాని కొరకు కూలరు, బోర్డు, ఎస్.ఎం.పి.ఎస్. అన్నియు మార్చవలెను. అదే హార్డ్‌డిస్కు స్థానమున ఎస్.ఎస్.డి. పెట్టితిమా, ఆ 4 నిమిషములు ఒక నిమిషములోపునకు దిగవచ్చును, మొత్తము 7. మందగమనమునకు కారణము ఒకచోట నుండగా మందు మరియొకచోట వేయరాదు. మన ఉదాహరణమునందు ఎస్.ఎస్.డి. మొదటి కొనుగోలు. ఇది ఓవర్‌క్లాకింగు గాకున్నను, దానికంటె ఎక్కువ ఫలము నిచ్చును.

రెండవది ర్యామ్. ఒకే కడ్డీ ఉన్న యంత్రము రెండు ద్వారములలో ఒకదానిని మూసి నడుచుచున్నట్లు. రెండు కడ్డీలు జతగా పెట్టినపుడు ప్రాసెసరునకు రెండు మార్గముల నుండి సమాచారము అందును. రైజెన్ తరగతి ప్రాసెసర్లలో భాగములను కలుపు అంతర్మార్గపు తాళము ర్యామ్ తాళముతో ముడివడి యుండుటచేత, ర్యామ్ వేగము ఇచట అదనపు ఫలము నిచ్చును. అయితే ఉన్న కడ్డీకి వేరొక సంస్థ కడ్డీని జతచేయుటకంటె, ఒకే పెట్టెలో జతగా అమ్ము రెండు కడ్డీలను కొనుట మేలు. అవి కలసి పనిచేయునని తయారు చేసినవారు పరీక్షించి అమ్ముదురు. నాలుగు గదులను నింపిన యెడల వేగము తగ్గవలసివచ్చుట పెక్కు బోర్డులలో సామాన్యము. కావున రెండే పెద్ద కడ్డీలు ఉత్తమము. పెట్టెపై 3600 అని వ్రాసియున్న ర్యామ్ ఆ వేగముతో దానంతట నడువదు. బయాస్‌లో ఎక్స్.ఎం.పి. అను ఏర్పాటును తెరచినపుడే నడుచును. ఇదియు ఓవర్‌క్లాకింగేనని పలువురు ఎరుగరు. దీనిని తేలికగా చూడరాదు. 2023లో కొన్ని రైజెన్ 7000 తరగతి ప్రాసెసర్లు, ర్యామ్ వేగము హెచ్చించినపుడు బోర్డులు ఇచ్చిన అధిక వోల్టేజి మూలమున కాలిపోగా, ఏ.ఎం.డి. సంస్థ ఆ వోల్టేజికి 1.3 అను హద్దు విధింపవలసివచ్చినది.

మూడవది మదర్‌బోర్డు విచారణ. అన్ని బోర్డులును వేగము పెంచనీయవు. ఏ.ఎం.డి. ఏ.ఎం.4 తరగతిలో బి350 వంటివి అనుమతించును, ఏ320 అనుమతింపదు. ఇంటెల్ పక్షమున, పేరు చివర కె అక్షరము గల ప్రాసెసరు, జెడ్ అక్షరముతో మొదలగు బోర్డు, ఈ రెండును కుదిరినపుడే ప్రాసెసరు గుణకమును పెంచుటకు వీలు. కె లేని ప్రాసెసరునకు జెడ్ బోర్డు కొని వృథా వ్యయమైనవారు కలరు. అనుమతి ఉన్నంత మాత్రమున శక్తి ఉన్నట్లు గాదు. ఎస్.ఎం.పి.ఎస్. నుండి వచ్చు 12 వోల్టులను బోర్డు సుమారు 1.2 వోల్టులకు దించి ప్రాసెసరున కందించును. ప్రాసెసరు 120 వాట్లు కోరినచో 1.2 వోల్టులపై ప్రవాహము 100 ఆంపియర్లు! మన స్నానపుగదిలోని 2 కిలోవాట్ల గీజరు సుమారు 9 ఆంపియర్లు మాత్రమే తీసికొనును. అరచేతి వెడల్పులో నున్న చిన్న భాగములు ఇంత ప్రవాహమును గంటల తరబడి మోయవలెను. వానిపై మందమైన లోహపు రెక్కలు బిగించియున్న బోర్డును ఎంచుకొనుడు. రెక్కలు లేని చౌక బోర్డుపై ఓవర్‌క్లాకింగు తలపెట్టరాదు. మన ఉదాహరణములోని బోర్డునకు రెక్కలు లేకున్నచో ఆలోచన ఇంతటితో ఆపి, ప్రాసెసరును సహజవేగముననే వాడుకొనుట వివేకము.

నాలుగవది ఎస్.ఎం.పి.ఎస్. కొనుగోళ్ళలో అందరును డబ్బు మిగుల్చుకొనజూచునదియు, చెడినపుడు తనతోపాటు తక్కిన భాగములను కూడ తీసికొనిపోగలదియు ఇదియే. పెట్టెపై వ్రాసిన మొత్తము వాట్లను మాత్రము చూచి కొనరాదు. 12 వోల్టుల మార్గమున ఎన్ని ఆంపియర్లు ఇచ్చునో ప్రక్కనున్న పట్టికలో చూడవలెను. 80 ప్లస్ అను ముద్ర, గోడ నుండి తీసికొన్న విద్యుత్తులో ఎంతపాలు వృథా కాకుండ అందించునో తెలుపునే కాని, లోపలి పనితనమునకు పూర్తి హామీ గాదు. లెక్క సులభము. వేగము పెంచిన ప్రాసెసరునకు 150, ఆర్.టి.ఎక్స్. 3060 వంటి కార్డునకు 170, తక్కినవానికి 60. మొత్తము 380 వాట్లు. దీనికి నమ్మదగిన 550 లేక 650 వాట్ల సరుకు చాలును. 1000 వాట్లది అవసరము లేదు. ప్రాసెసరును, ర్యామ్‌ను వాడినవి కొన్నను కొనవచ్చును గాని, ఎస్.ఎం.పి.ఎస్. మాత్రము వాడినది కొనరాదు.

దీనితోపాటు ఇంటి విద్యుత్తును చూడవలెను. మన ఇండ్లలో సామాన్యముగ నుండు 600 వి.ఏ. యు.పి.ఎస్.లలో పెక్కింటి నిజమైన సామర్థ్యము సుమారు 360 వాట్లు. 380 వాట్ల యంత్రమును, మానిటరును దానిపై పెట్టినచో విద్యుత్తు పోయిన క్షణమున అదియు ఆగిపోవును. క్యాబినెట్టును తాకినపుడు చేతికి జిల్లుమనుచున్నచో ఎర్తింగు లేదని గ్రహించి, ముందుగ ఎలక్ట్రీషియనుచే దానిని సరిచేయించుకొనవలెను. గోడలోని ఎర్తింగు తీగ ధర ఏ ప్రాసెసరు ధరకును సాటి రాదు. కాని మనుష్యులకును, యంత్రమునకును రక్ష అదియే.

ఐదవది కూలరు. పెట్టెతో వచ్చినది సహజవేగమునకు సరిపోవును. పెంచిన వేగమునకు చాలదు. ఉష్ణనాళములును, లోహపు రెక్కల గోపురమును, 120 మిల్లీమీటర్ల పంకాయు గల కూలరు పెక్కు ఇండ్లకు తగును. నీటితో చల్లబరచు సరంజామ చూపునకు గొప్పగా నుండును, వేడిని మోయుటలో పెద్దదైనచో మిన్నయే; కాని అందులో పంపు ఒకటి అదనము, కొన్నేండ్లకు అది అలసిపోవును. నీరైనను గది వేడికి లోబడినదే అని మరువరాదు. కూలరు కొనకముందు క్యాబినెట్టు వెడల్పును కొలుచుకొనవలెను. గోపురము పట్టక తలుపు మూయలేనివారు పలువురు. క్యాబినెట్టు ముందుభాగము అద్దముతో మూసియున్నచో గాలి లోనికి రాదు. జల్లెడ వంటి ముఖము, ముందు రెండు పంకాలు, వెనుక ఒకటి ఉన్న చాలును. మన ధూళికి నెలకొకసారి జల్లెడను శుభ్రము చేయవలెను.

పాత కూలరును తీయునపుడు ఒక జాగ్రత్త. ఏ.ఎం.4 ప్రాసెసరు అడుగున సన్నని సూదులు వేయికి పైగా నుండును. ఎండిన థర్మల్ పేస్ట్ బంకవలె పట్టుటచేత, కూలరును నిట్టనిలువుగ లాగినచో ప్రాసెసరు కూడ దానితో ఊడివచ్చి సూదులు వంగును. యంత్రమును కొంతసేపు నడిపి, పేస్ట్ వెచ్చబడిన పిమ్మట ఆపి, విద్యుత్తు తీసివేసి, కూలరును మెల్లగ అటునిటు త్రిప్పి తీయవలెను.

ఇక ఆరవది, ప్రాసెసరు. మన ఉదాహరణములోని 1600 సహజముగ 3.2 నుండి 3.6 గిగాహెర్ట్‌జుల వరకు నడుచును. ఆ కాలమున దానిని 3.8, 3.9 వరకు పెంచినవారు అనేకులు. మంచి కూలరు, మంచి ఎస్.ఎం.పి.ఎస్. కొని ఆ వేగమును సాధించుట ఒక మార్గము. రెండవ మార్గము 2022 ఏప్రిల్‌లో వెలువడిన రైజెన్ 5 5600ను అదే బోర్డుపై పెట్టుట. ఆ సంవత్సరముననే ఏ.ఎం.డి. 300 తరగతి బోర్డులపై 5000 తరగతి ప్రాసెసర్లకు మార్గము తెరచినది. 5600 ఏ పెంపును లేకుండనే 4.4 వరకు పోవును. పైగా ప్రతి తాళమునకు ఎక్కువ పని చేయును. వేగము పెంచిన 1600 కంటె సహజవేగపు 5600 వేగవంతము, చల్లనిది, తక్కువ విద్యుత్తు తీసికొనునది. మరియొక కారణము కూడ కలదు. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. విండోస్ 11కు అర్హమైన ప్రాసెసర్ల పట్టికలో 1600 లేదు, 5600 ఉన్నది. ఎన్ని మెగాహెర్ట్‌జులు పెంచినను ఆ పట్టికలో చోటు దొరకదు.

ఆటలే ముఖ్యమనువారికి అదే స్థానమున అమరు 5800ఎక్స్3డి కూడ గమనింపదగినది. దానిపై నిల్వకోశమును అంతస్తుగ పేర్చి మొత్తము 96 మెగాబైట్లు చేసిరి. అది వెలువడినపుడు ఏ.ఎం.4 ప్రాసెసర్లలో ఆటలకు మేటి యని పేరు పొందినది. విశేష మేమనగా, దాని గుణకమును పెంచుటకు తయారు చేసినవారు వీలు ఇయ్యలేదు. ఆటలలో వేగము తాళమునుండి మాత్రమే గాక, కావలసిన సమాచారము దగ్గర నుండుట వలన కూడ కలుగునని ఇది చాటుచున్నది. 2022 సెప్టెంబరులో వచ్చిన ఏ.ఎం.5 తరగతికి పోవుదుమనువారు, అందులకు బోర్డు, డి.డి.ఆర్.5 ర్యామ్, ప్రాసెసరు, మూడును ఒక్కసారి కొనవలసివచ్చునని లెక్కలో వ్రాసికొనవలెను.

క్రొత్త ప్రాసెసరును పెట్టకముందే, పాతది ఉండగానే బయాస్‌ను క్రొత్తదానికి మార్చవలెను. ఈ పని నడుచు కొద్ది నిమిషములలో విద్యుత్తు పోయిన బోర్డు మూగబోవచ్చును. కావున యు.పి.ఎస్. పైననే చేయవలెను. క్రొత్త బయాస్ వచ్చిన పిమ్మట పాత ప్రాసెసరును కొన్ని బోర్డులు గుర్తింపవు. తయారు చేసినవారి సూచనలు ముందుగ చదువుకొనవలెను.

భాగములన్నియు అమరిన పిమ్మట వేగము పెంచుట ఎట్లు? ఒక్కొక్క మెట్టు మాత్రమే ఎక్కవలెను. 0.1 గిగాహెర్ట్‌జు పెంచుట, పరీక్షించుట, ఉష్ణోగ్రత వ్రాసికొనుట. ఇల్లు అలకగానే పండుగ గాదు. విండోస్ తెరచుకొన్నంత మాత్రమున వేగము నిలచినట్లు గాదు. మెర్సెన్ ప్రధానసంఖ్యల అన్వేషణకై పుట్టిన ప్రైమ్95 అను ప్రోగ్రాము, తన లెక్కలను తానే సరిచూచుకొనునట్టిది యగుటచేత, ఈ పరీక్షకు లోకమంతట వాడబడుచున్నది. ర్యామ్‌ను మెమ్‌టెస్ట్‌86తో రాత్రియంతయు పరీక్షింపవలెను. పరీక్ష ఏప్రిల్ మధ్యాహ్నమున జరుగుట మేలు. డిసెంబరు రాత్రి నెగ్గినది మే మాసమున ఓడవచ్చును.

యంత్రము ఆగిపోవుట పెద్ద ప్రమాదము గాదు. ఆగకుండ తప్పు చేయుటయే ప్రమాదము. వేగము తాళలేని ర్యామ్ ఒక బిందువును తారుమారు చేసి, ఆ తప్పును ఎస్.ఎస్.డి.పై వ్రాయించును. పెండ్లి ఛాయాచిత్రములు తెరచుకొనకుండుట, కూతురు వ్రాసిన ప్రాజెక్టు చెడుట కొన్ని నెలల పిమ్మట గాని బయటపడదు. దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకొనవలెనన్నట్లు, ఈ ప్రయోగమునకు పూనుకొనకముందే ఇంటివారి పత్రములను, చిత్రములను వేరొక డిస్కుపై నకలు తీసి, దానిని యంత్రము నుండి విడదీసి బీరువాలో పెట్టవలెను. ఓవర్‌క్లాకింగువలన కలిగిన నష్టమునకు తయారీదార్ల హామీ సామాన్యముగ వర్తింపదనునదియు తెలిసియుండవలెను.

వోల్టేజి హద్దు మీరిన నష్టము ఊహామాత్రము గాదు. 2024లో ఇంటెల్ 13, 14 తరముల డెస్క్‌టాపు ప్రాసెసర్లలో కొన్ని, ఇంటివారు ఏమియు పెంచకున్నను, క్రమముగ చెడసాగెను. మైక్రోకోడులోని దోషమువలన ప్రాసెసరు అవసరమునకు మించిన వోల్టేజి కోరుచున్నదని సంస్థ జూలైలో ప్రకటించి, ఆగస్టులో దిద్దుబాటు ఇచ్చి, హామీని రెండేండ్లు పొడిగించినది. అయితే చెడినది దిద్దుబాటుతో బాగుపడదు. ఆ తరముల ప్రాసెసరు వాడినదిగా కొనువారు, బయాస్ క్రొత్తదగునట్లును, హామీ మిగిలియున్నట్లును చూచుకొనవలెను.

ఇదంతయు విని, వేగము పెంచుటయే మానవలెనా అని అడుగవచ్చును. మానవలసిన పని లేదు. మన వాతావరణమునకు తగిన ఓవర్‌క్లాకింగు వేరొకటి కలదు. 5600 వంటి ప్రాసెసరులో వేగము నట్లే ఉంచి, కర్వ్ ఆప్టిమైజరు అను ఏర్పాటుతో వోల్టేజిని కొద్దికొద్దిగ తగ్గించి చూడవచ్చును. వోల్టేజి నూటికి 5 పాళ్ళు తగ్గిన వేడి సుమారు 10 పాళ్ళు తగ్గును. చల్లబడిన ప్రాసెసరు ఆ వెసులుబాటును తానే వేగముగ మార్చుకొనును. ఇచటను పరీక్ష తప్పదు. కాని తప్పటడుగు వేసినను యంత్రము ఆగునే గాని, వోల్టేజి పెంచినపుడు వలె ప్రాసెసరు చెడదు. 50 వాట్లు ఆదా అయిన యంత్రము దినమునకు 6 గంటలు నడిచినచో నెలకు 9 యూనిట్లు మిగులును.

కావున సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరునకో, మద్రాసు రిచీ స్ట్రీటునకో బయలుదేరక మునుపు ఇంటనే ఒక కాగితముపై వరుస వ్రాసికొనుడు. మొదట కొలుచుట, నకలు తీయుట, పిమ్మట ఎస్.ఎస్.డి.; ర్యామ్ జత; ఎర్తింగు, ఎస్.ఎం.పి.ఎస్.; కూలరు; ప్రాసెసరు; కొలతలో అది వెనుకబడినట్లు తేలినచో గ్రాఫిక్స్ కార్డు. ప్రతి భాగము పెట్టిన పిమ్మట మరల కొలువుడు. ఈ వరుసలో మూడవ మెట్టు వద్దనే పని తీరిపోయిన ఇండ్లు అనేకము లుండును. అట్టి ఇంటిలో తక్కిన డబ్బు తండ్రి జేబులో నిలుచును, కుమారుని వీడియో కూడ వేళకు సిద్ధమగును. చివరి మెట్టు వరకు పోవువారికి, వారి వేగమును వేసవిలో సైతము మోయగల భాగములు అప్పటికే క్రింద అమరియుండును.